పసిబిడ్డల శస్త్రవైద్యులు, పసిబిడ్డల ప్రాణములు

గత మాసమున ఈ శీర్షిక క్రింద చంటిబిడ్డలకు వచ్చు జ్వరములగూర్చి వ్రాసితిమి. ఈ మాసమున మందులతో గాక శస్త్రముతోడనే నయము కావలసిన శిశువ్యాధులగూర్చియు, వానిని నయము చేయగల వైద్యులు లోకమున ఎచ్చట నెందఱున్నారో, దానినిబట్టి బిడ్డలు ఎచ్చట నెందఱు బ్రదుకుచున్నారో, ఆ సంగతినిగూర్చియు ముచ్చటింపదలచితిమి. విషయము కొంత కఠినముగ దోచినను సోదరీమణులు తుదివఱకు చదువవలయునని కోరుచున్నాము. ఏలనన, ఈ వ్యాధులలో పెక్కింటిని మొట్టమొదట కనిపెట్టవలసినది వైద్యుడు కాడు. తల్లియో, అమ్మమ్మయో, పురుడు పోసిన నర్సో కనిపెట్టవలయును.

మన ప్రాచీనులు ఆయుర్వేదమును ఎనిమిది అంగములుగ విభజించిరి. అందు శల్యతంత్రము శస్త్రచికిత్సను దెలుపును. కౌమారభృత్యము శిశువుల పోషణమును, రోగములను దెలుపును. మొదటిదానికి సుశ్రుతుని పేరు, రెండవదానికి కాశ్యపుని పేరు ప్రసిద్ధములు. ఈ రెండును వేర్వేఱు విద్యలుగనే పెరిగినవి. పాశ్చాత్యదేశములలోను సంగతి యిట్లే యుండెను. పెద్దలకు శస్త్రచికిత్స చేయువారే అవసరమైనపుడు పిల్లలకును చేయుచు వచ్చిరి. ఈ రెండు విద్యలను ఒక్కచేత ధరించిన శిశుశస్త్రవైద్యుడు ఇరువదవ శతాబ్దమున గాని లోకమునకు లభింపలేదు.

ఇట్టి ప్రత్యేక వైద్యుడు వలయునా యని కొందఱు అడుగవచ్చును. శిశువనగా చిన్నరూపమున నున్న పెద్దమనిషి యని తలంపరాదు. మూడు కిలోల బిడ్డ దేహమందలి రక్తమంతయు రమారమి 250 మిల్లీలీటర్లు. అనగా ఒక పెద్ద గ్లాసెడు. పెద్దవారికి లెక్కలోనికి రాని నాలుగైదు చెంచాల రక్తము పోయినచో ఈ బిడ్డకు ఉన్నదానిలో పదవవంతు పోయినట్లే. బరువుతో పోల్చిచూడగా బిడ్డకు చర్మపు వైశాల్యము హెచ్చు. కావున ఒంటి వేడి వేగముగ పోవును. మత్తుమందు పాళ్లు, ఊపిరికై గొంతులో నుంచు గొట్టపు సన్నదనము, నరముగుండ ఎక్కించు నీటి కొలత, అన్నియు వేఱుగ నుండును. అందుచేత శస్త్రము పట్టువాడొక్కడే చాలడు. పసిబిడ్డలకు మత్తు నీయ నేర్చిన వైద్యుడును, రాత్రింబవళ్లు కనిపెట్టి యుండు నర్సులును, వెచ్చదన మిచ్చు పెట్టెయు, ఊపిరి యాడించు యంత్రమును తోడుగ నుండవలయును. శిశుశస్త్రవైద్యుడు కలడన్న మాటకు ఈ కూటమి యంతయు కలదన్నదియే అర్థము.

ఇక వ్యాధుల సంగతి. గర్భమున బిడ్డ రూపొందునపుడు అవయవములలో కొన్ని లోపములు కలుగుచుండును. కొందఱు శిశువులకు అన్నవాహిక నోటినుండి కడుపువఱకు ఒకటిగ సాగక నడుమ మూసికొని యుండును. కొందఱికి మలద్వార మేర్పడదు. ఇది రమారమి అయిదువేల శిశువులలో ఒకరికి కలుగునని వైద్యులు చెప్పుదురు. కొందఱికి పెద్దప్రేగు చివర నుండవలసిన నరపుకణములు లేకపోవుటచే మలము ముందునకు కదలదు. మఱికొందఱు బొడ్డుప్రక్కనున్న రంధ్రముగుండ ప్రేగులు వెలుపలికి వచ్చియుండగనే జన్మింతురు. ప్రేగు కడుపులోపల మెలిపడి రక్తప్రసారము నిలిచిపోవుటయు కలదు.

ఇట్టివానిని చూచినపుడు మన యిండ్లలో గ్రహణ మనియు, పూర్వజన్మకర్మ మనియు, బాలింత కాలు పెట్టరానిచోట పెట్టినదనియు చెప్పుకొందురు. చీలిన పెదవిని గ్రహణపు మొఱ్ఱి యనుటయే యిందుకు సాక్ష్యము. సోదరీమణులారా! ఇందు తల్లి చేసిన దోష మేమియు లేదు. గర్భిణి గ్రహణమునాడు కూర తరిగినందున ఏ బిడ్డ పెదవియు చీలదు. నింద మోయవలసిన పనిలేదు. ఆలస్యము చేయకుండుటయే పని. పైని చెప్పిన లోపములలో ప్రతిదానికిని నేడు శస్త్రచికిత్స కలదు. సకాలమున చికిత్స పొందిన బిడ్డలలో పెక్కండ్రు తక్కినవారివలెనే పాలు త్రాగి, పాకి, నడచి, బడికి పోవుదురు.

ఈ చికిత్సలు పురాతనములు కావు. అన్నవాహిక మూసికొనిపోయిన శిశువులు ఒకప్పుడు రమారమి అందఱును మరణించెడివారు. 1941 మార్చి 15వ తేదీని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున కామెరాన్ హైట్ అను వైద్యుడు పండ్రెండు దినముల ఆడుశిశువునకు ఆ రెండు కొనలను ఒక్కసారిగ కలిపి కుట్టి బ్రదికించెను. అట్టి చికిత్స సఫలమగుట అదియే మొదలు. నరపుకణములు లేని ప్రేగునకు 1948లో ఆర్వర్ స్వెన్సన్ చికిత్స ప్రకటించెను. మలద్వారము లేని బిడ్డలకు నేడు లోకమంతట చేయుచున్న చికిత్సాపద్ధతిని 1980లో మెక్సికోలో అల్బర్టో పేన్యా ప్రారంభించెను.

చికిత్స కనుగొనుట ఒకటి. అది బిడ్డలకందుట వేఱొకటి. ఈ భేదమును చక్కగ గ్రహించినవారిలో ఒక స్త్రీ యుండుట మన పాఠకురాండ్రకు సంతోషము గూర్చును. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున ఆల్డర్ హే శిశువైద్యశాలలో ఇసబెల్లా ఫోర్షాల్ అను శస్త్రవైద్యురాలుండెను. ఆమెయు, ఆమె సహచరుడు పీటర్ రిక్‌హామును కలిసి 1953లో అప్పుడే పుట్టిన శిశువుల శస్త్రచికిత్సకై ప్రత్యేకవిభాగ మొకటి నెలకొల్పిరి. ఇట్టిది ప్రపంచమున ఇదియే మొదటిదని చెప్పుదురు. అంతకుముందు ఆ ప్రాంతపు శిశువులను ఏ యూరి ఆసుపత్రిలో నున్నవారి నా యూరిలోనే, ఏడాదికి ఒకటి రెండుమార్లు మాత్రము అట్టి బిడ్డను చూచు వైద్యులే చికిత్సించుచుండిరి. ఫోర్షాలమ్మ చేసినదేమనగా, బిడ్డలను ఒక్కచోటికి రప్పించి, వారి కొఱకే నేర్చిన నర్సులను కూర్చి, పసివారికి మత్తునిచ్చుటలో ప్రవీణుడైన జాక్సన్ రీసు వంటివారి తోడ్పాటు గైకొని, వెచ్చగా నుంచుటనుండి కుట్లు మానువఱకు ఒక్క కూటమియే చూచునట్లు చేయుట. శస్త్రము పాతదే, ఏర్పాటు క్రొత్తది. మరణములు మిక్కిలి తగ్గెను. తరువాత అన్యదేశములవారును ఈ మార్గము ననుసరించిరి.

ఇక నేటి లోకస్థితి చూతము. 2018 అక్టోబరునుండి 2019 ఏప్రిలువఱకు 74 దేశములలోని 264 ఆసుపత్రులలో, పుట్టుకతోడనే ఆహారమార్గమునకు సంబంధించిన లోపములుగల 3849 మంది బిడ్డల వృత్తాంతమును వైద్యులు సేకరించి 2021లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. ధనికదేశములలో అట్టి బిడ్డలలో నూటికి 5.6 మంది మరణించిరి. మన భారతదేశము చేరిన మధ్యతరగతి దేశములలో నూటికి 20.4 మంది. బీదదేశములలో నూటికి 39.8 మంది. ప్రేగులు వెలుపల నుండి పుట్టిన బిడ్డలను మాత్రము వేఱుగ తీసికొన్నచో ఆ లెక్క చదువ మనసొప్పదు: ధనికదేశములలో నూటికి 1.4, మధ్యతరగతి దేశములలో 31.9, బీదదేశములలో 90. లోపము ఒక్కటే. చికిత్స ఒక్కటే. ఒకచోట పుట్టిన బిడ్డ బ్రదుకుట దాదాపు నిశ్చయము. మఱొకచోట పుట్టినచో చచ్చుట దాదాపు నిశ్చయము.

ఈ వ్యత్యాసమునకు కారణము ధనికదేశపు వైద్యుని చేతివాటము గాదని ఆ పరిశీలనమే తెలుపుచున్నది. ఆసుపత్రి చేరునప్పటికే రక్తమునకు విషమెక్కిన బిడ్డలు హెచ్చుగ మరణించిరి. ఊపిరియంత్రము వలసియు దొరకనివారు హెచ్చుగ మరణించిరి. నోట పాలు త్రాగలేని దినములలో నరముగుండ ఆహారమెక్కించు వసతి యున్నచోట మరణములు తక్కువ. శస్త్రచికిత్సకు ముందు ఇది యున్నదా, అది సరిచూచితిమా యని పట్టిక చదువుకొను అలవాటు లేనిచోట మరణములు హెచ్చు. ఈ యలవాటునకు ధన మేమంత కావలయును? ఒక కాగితమును, ఒక శ్రద్ధయును చాలును.

అయినను వైద్యుల సంఖ్య ముఖ్యము కాదని యెవరును తలంపరాదు. ఒక దేశమున బిడ్డల సంఖ్యకు తగినట్లు శిశుశస్త్రవైద్యులు పెరిగినకొలది బ్రదుకు బిడ్డలును పెరుగుదురని ఈ విషయమును పరిశోధించినవారు కనుగొనిరి. 2019లో ప్రకటింపబడిన ఒక గణనము ప్రకారము లోకమున 170 కోట్లమంది బాలబాలికలకు అవసరమైనపుడు శస్త్రచికిత్స అందు వీలులేదు. వీరిలో అత్యధికులు బీద, మధ్యతరగతి దేశములవారే. ఆఫ్రికాఖండమున పెక్కు దేశములలో జనులలో నూటికి నలువదిమందికి పైగా పదునైదేండ్లలోపువారు. శిశుశస్త్రవైద్యులో, వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. బిడ్డ లెచ్చట హెచ్చో వైద్యు లచ్చట తక్కువ.

ఇందు నిరాశకు మాత్రము తావులేదు. ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రికి వచ్చిన, ప్రేగులు వెలుపలనున్న బిడ్డలలో 2014 ప్రాంతమున నూటికి తొంబదిమందికి పైగా మరణించిరి. వెలపెట్టి కొనలేని పరికరముల కొఱకు ఎదురుచూడక, అచ్చటి వైద్యులును నర్సులును చౌకగా దొరకు సంచిలో ప్రేగులను భద్రపఱచి, దినదినమును కొంచెము కొంచెముగ లోనికి పంపు పద్ధతిని పడకయొద్దనే నడిపిరి. తల్లులకు నేర్పి వారి సాయము గొనిరి. కొలది యేండ్లలోనే మూడవవంతునకు మించిన బిడ్డలు బ్రదుకుట సంభవించెను. మలావీ దేశమున బ్లాంటైరు నగరమందు శిశుశస్త్రచికిత్సకై ప్రత్యేకాలయ మొకటి 2017లో తెఱువబడెను. ప్రసిద్ధగాయని మడోన్నా ఆ దేశమునుండి పెంచుకొన్న కూతురి పేర దానిని కట్టించెను. ఇట్టి యత్నములను ఒక్కత్రాట కూర్చుటకై 2016లో శిశుశస్త్రచికిత్సకు అంతర్జాతీయసంఘ మేర్పడినది. 2018 జనవరిలో ఆ సంఘపు సభ మన పొరుగుననే, వేలూరులో జరిగినది.

మన దేశమున శిశుశస్త్రవైద్యుల సంఘము 1965లో ఏర్పడెను. మన తెలుగునాట హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలోను, విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రిలోను, గుంటూరు, కర్నూలు ప్రభుత్వాసుపత్రులలోను ఈ విభాగము లున్నవి. నీలోఫరు ఆసుపత్రి నిజాము కోడలు నీలోఫరు రాకుమారి సంకల్పమువలన 1953లో వెలసినది. లివర్‌పూల్ విభాగమును ఆ యేటనే వెలసినది. మంచివైద్యులు మనకు లేరని కాదు. కాని వారిలో హెచ్చుభాగము పెద్దపట్టణములలో నున్నారు. ఏజెన్సీ మన్యమునగాని, కరవుసీమ పల్లెలోగాని పుట్టిన బిడ్డకు వారు చాల దూరపువారు. ఒక వైద్యుని తయారుచేయుట మాటలు కాదు. వైద్యవిద్య అయిదున్నర యేండ్లు, సామాన్య శస్త్రవిద్య మూడేండ్లు, శిశుశస్త్రవిద్య మూడేండ్లు, వెరసి పదునొకండున్నర యేండ్లు. అంతచదివినవాడు చిన్నయూరి ఆసుపత్రికి పోయినను తోడు కూటమి లేనియెడల చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే.

అందుచే మన చేతిలోనున్నది కాలము. దూరమును తగ్గింపలేకపోయినను ఆలస్యమును తగ్గింపవచ్చును. ఈ క్రింది గుఱుతులను ప్రతియింటి పెద్దముత్తైదువయు తెలిసియుండవలయునని మా మనవి.

మొదటిది, వాంతి రంగు. చంటిబిడ్డ పాలు కక్కుట సామాన్యము. కాని ఆకుపచ్చని పసరు కక్కినచో అది ప్రేగు మెలిపడుటకో, అడ్డుపడుటకో గుఱుతు. తెల్లవారువఱకు ఆగరాదు. దిష్టి తీసి చూతమని కూర్చుండరాదు. గంటలలో ప్రేగు చచ్చిపోవచ్చును.

రెండవది, మలము. పుట్టిన బిడ్డ ఒక దినములోపల నల్లని మొదటి మలము విడువవలయును. ఒక దినము గడచినను విడువక కడుపుబ్బినచో వైద్యునికి చూపవలయును. స్నానముచేయించువారు మొదటినాడే మలద్వారము సరిగానున్నదో లేదో కన్నులార చూడవలయును. సిగ్గునకును, ఏమరుపాటునకును ఇది చోటు కాదు.

మూడవది, నోటి నురుగు. ఎంత తుడిచినను నురుగు చొంగ ఊరుచు, మొదటి పాలకే ఉక్కిరిబిక్కిరియై బిడ్డ నీలిపడినచో ఇక ఏమియు నోట పోయరాదు. పాలుగాని, తేనెగాని, ఆముదముగాని, వసగాని, ఏదియు వలదు. పోసినదంతయు ఊపిరితిత్తులలోనికి పోవును.

నాల్గవది, కొంచెము పెరిగిన శిశువు సంగతి. నెలల బిడ్డ ఉండియుండి కాళ్లు ముడుచుకొని గ్రుక్కపెట్టి యేడ్చుచు, నడుమ వాడిపోయి, ఎఱ్ఱని జిగట విరేచనము చేసినచో ప్రేగులో ప్రేగు దూరియుండవచ్చును. గజ్జలోని వాపు గట్టిపడి లోనికి పోకున్నను అట్టి తొందఱయే.

ప్రేగులు వెలుపలనుండి పుట్టిన బిడ్డకు వానిని లోనికి త్రోయ యత్నింపరాదు. పసుపుగాని, పసరుగాని రాయరాదు. శుభ్రమైన పలుచని ప్లాస్టికు కప్పి చుట్టి, నర్సు చెప్పినట్లు తడియాఱకుండ, వేడి పోకుండ కొనిపోవలయును. తక్కిన బిడ్డలను త్రోవలో తల్లి ఱొమ్మునకు చర్మము చర్మమునకు తాకునట్లు హత్తుకొని, పైన దుప్పటి కప్పి తీసికొనిపోవుట మేలు. పురిటిమైల యనియు, బారసాల కాకుండ గడప దాటింపరాదనియు పెద్దలనినచో, గడప దాటింపనిచో బారసాలయే యుండదని వినయముగ చెప్పుడు.

వ్యయమునకు వెఱచి వెనుదీయువారు కొన్ని సంగతులు తెలిసికొనవలయును. 108 బండ్లు 2005నుండి తెలుగునాట తిరుగుచున్నవి. పుట్టిన శిశువును ఆసుపత్రికి ఉచితముగ చేర్చి ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగ చికిత్స చేయు ఏర్పాటు 2011లో దేశమంతట వచ్చినది. పుట్టినది మొదలు పదునెనిమిదేండ్లవఱకు పిల్లల లోపములను పరీక్షించి చికిత్సకు పంపు కార్యక్రమము 2013లో మొదలైనది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమును, పేరులు మాఱినను, బీదకుటుంబముల శస్త్రచికిత్సలకు తోడ్పడుచున్నది. గర్భిణులు అయిదవనెల ప్రాంతమున స్కానింగు చేయించుకొన్నచో ఈ లోపములలో కొన్ని ముందే తెలియును. తెలిసినచో శస్త్రవైద్యులున్న ఆసుపత్రిలోనే పురుడు పోసికొనవచ్చును. ఆడయో మగయో చూచుట కొఱకు కాదు సుమండీ. దానిని 1994 చట్టము నిషేధించినది.

ఆడయో మగయో యన్నంతనే చెప్పక తప్పని మాట యొకటి కలదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు, హృదయమునకు శస్త్రచికిత్స చేయింపుడని తాము సలహా చెప్పిన బిడ్డల సంగతి విచారించి 2011లో ప్రకటించిరి. మగబిడ్డలలో నూటికి 70 మందికి తల్లిదండ్రులు చికిత్స చేయించిరి. ఆడుబిడ్డలలో 44 మందికే చేయించిరి. అచ్చట వైద్యుడు కలడు, ఆసుపత్రి కలదు, దారి తెలియును. అయినను ఆడుబిడ్డ ఆగిపోయినది. ఱొమ్మున మచ్చ పడినచో పెండ్లి కాదని కొందఱి భయము, ఖర్చు దండుగయని కొందఱి లెక్క. లోకమున వైద్యులు చాలరని దుఃఖించుటకు ముందు, ఉన్న వైద్యునియొద్దకు మన కూతును చేర్చుచున్నామా యని మనము మనలను ప్రశ్నించుకొనవలయును. పండ్రెండు దినముల ఆడుశిశువే కదా 1941లో ఆ క్రొత్తచికిత్సకు మొదటి విజయమైనది!

కావున సోదరీమణులారా, ఇంటిలో నెవరైన గర్భవతి యైనపుడు సీమంతమునకు ముహూర్తము పెట్టించునప్పుడే మఱొక పనియు చేయుడు. మీ జిల్లాలో శిశుశస్త్రవైద్యుడు ఏ యాసుపత్రిలో నున్నాడో, మీ యూరినుండి అచ్చటికి ఎన్నిగంటల ప్రయాణమో మీ ఊరి నర్సును, ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొని, పంచాంగము వ్రేలాడు గోడమీద వ్రాసి పెట్టుడు. వైద్యుడు లేడన్నచో ఓట్లడుగ వచ్చినవారిని, ఏల లేడని నిలదీయుడు. మీ యమ్మాయి శస్త్రవిద్య చదువుదునన్నచో కత్తిపట్టు పని ఆడుదాని కేలయని అడ్డుపడకుడు. గోడమీద వ్రాసిన ఆ యొక్క పంక్తి అవసరము పడకపోవుటయే అందఱము కోరుదుము. పడినచో మాత్రము, ఆ రాత్రి వెదకుకొనుటలో పోవలసిన గంటలు ఆ బిడ్డకు మిగులును.